ముప్పైకి ముప్పై గబ్బుకంపకే

గంటలమ్మ అబద్ధమాడిందని ఎవరైనా అంటే ఆవిడ చచ్చినా ఒప్పుకోదు. మర్యాద చేశానంటుంది.

ఊరి చివర, కొండ మొదలయ్యే చోట, మేకలవాళ్ళ వీధి. ఆ వీధిలో ముందునుంచీ ఓ పద్ధతి ఉంది. "ఇవాళ మీ మందకి మేత ఎక్కడ దొరికింది?" అని ఎవరైనా నోరు జారి అడిగారనుకోండి, అవతలివాళ్ళు మొహం ఏమాత్రం మార్చకుండా "గబ్బుకంప దగ్గర" అనాలి. అడిగినవాళ్ళు "ఓహో, అలాగా" అని తలూపి తమ దారిన తాము పోవాలి. గబ్బుకంపని మేక తినడం మాట అటుంచండి, దాని పక్కనుంచి వెళ్ళాల్సొస్తే ముక్కు అటు తిప్పుకుని మరీ వెళ్తుంది. ఈ సంగతి ఆ వీధిలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. మంచి మేత ఉన్న చోటు పైకి చెబితే మర్నాటికల్లా అక్కడ నలభై మందలు దిగుతాయి, చెప్పనంటే చుట్టరికం చెడుతుంది. అందుకని గబ్బుకంప. ఎవరికీ నొప్పి లేదు.

సర్వే అమ్మాయి ఆ వీధి పిల్ల కాదు. అదీ వచ్చిన చిక్కు.

ఆ పిల్ల ఓ పొద్దున్న వీపు మీద తనకంటే పెద్ద సంచీ, మెడలో కెమెరా, చంకలో అట్టా వేసుకుని గంటలమ్మ ఇంటి గడప తన్నుకుంటూ లోపలికొచ్చింది. చెట్ల ఆఫీసులో కొత్తగా చేరిందట. కొండ మీద ఏ చెట్టు దేనికి పనికొస్తుందో, ఏది రోజురోజుకీ తగ్గిపోతోందో మేకలవాళ్ళకి తెలిసినంత పెద్ద చదువులు చదివినవాళ్ళకి కూడా తెలియదట. ఆ తెలివంతా రాసుకుపోవడానికి వచ్చిందట. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేసి, ఆ తర్వాత ఊపిరి పీల్చుకుంది.

గంటలమ్మకి ఆ పిల్ల నచ్చింది. తెలివి ఉందని ఇంటికొచ్చి చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు మరి. ముందుగదిలో చాప వేసింది. ఆ గదిలో గోడ పొడుగునా కొక్కేలకి గంటలు వేలాడుతుంటాయి, మేకకో గంట. ఏ గంట ఏ మేకదో చీకట్లో కూడా చెప్పగలదు కాబట్టే ఆవిడకా పేరు. మొగుడు పోయాక మంద బరువంతా తనే మోసింది. పక్కింట్లో మరిది. ఇద్దరి మధ్యా ఒకటే గోడ. గోడకి అటువైపు ఆ మనిషి చెవి ఆనించి ఉంటాడని గంటలమ్మకి ఎప్పుడూ అనుమానమే.

సర్వే అమ్మాయి చాప మీద పన్నెండు ఫొటోలు పరిచింది. ఒక్కో ఫొటోలో ఒక్కో చెట్టు. పది గులకరాళ్ళు తీసి గంటలమ్మ దోసిట్లో పోసింది.

"పెద్దమ్మా, మీకు ఎక్కువ పనికొచ్చే చెట్టు మీద ఎక్కువ రాళ్ళు, తక్కువ పనికొచ్చేదాని మీద తక్కువ రాళ్ళు. అంతే. తప్పూ ఒప్పూ ఏం లేదు. తర్వాత అదెక్కడ దొరుకుతుందో చెప్తే మ్యాపులో గుర్తు పెట్టుకుంటా."

చివరి ముక్క విని గంటలమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఫొటోలన్నీ ఆవిడకి అయినవాళ్ళ మొహాల్లాంటివే. ఇదిగో ఎముకచెట్టు. మేక కాలు విరిగితే దాని బెరడు నానబెట్టి కట్టు కడితే ఇరవై రోజుల్లో మేక మళ్ళీ గోడలు దూకుతుంది. ఇది పొగచెట్టు. దీని పుల్లల పొగ పట్టిస్తే కుండలో పాలు రెండు రోజులు విరగవు. ఇది ఉక్కుకర్ర. చేతికర్రకీ, కొమ్మలు లాగే దోటికీ దీన్ని మించింది లేదు. ఇక ఆ మూల ఉన్నది పాలకొమ్మ. దాని మీద ఆవిడ చూపు అతుక్కుపోయి ఊడి రానంది.

రాళ్ళు పగిలే ఎండల్లో కూడా నాలుగు పాలకొమ్మ ఆకులు పడితే చాలు, మేక పొదుగు కుండలా దిగుతుంది. ఒకప్పుడు కొండంతా ఉండేది. ఇప్పుడు లేదు. అంతరించిపోయింది. వీధిలో నలుగురు ఎక్కడ కూర్చున్నా దాని మాట వచ్చి, అందరూ ఒకేసారి నిట్టూర్చి, "ఆ రోజులు పోయాయి" అనుకుని లేచిపోతారు. గంటలమ్మ నిట్టూర్పే అందరికంటే పొడుగ్గా ఉంటుంది. ఎందుకంటే కొండకి ఎండ పడే పక్క, ఎండవాలు కింద, చీకటి వంక అనే ఇరుకు లోయలో ఇంకా ఏడు పాలకొమ్మ చెట్లు ఉన్నాయని ఈ భూమ్మీద ఆవిడ ఒక్కదానికే తెలుసు.

పాలకొమ్మ మీద ఒక్క రాయి పెట్టిందా, ఈ పిల్ల పక్కింటికి వెళ్ళి "మీ వదినగారు పాలకొమ్మ వాడుతున్నారట కదా" అంటుంది. అసలు దేని మీద పెట్టినా ఎక్కడుందని అడుగుతుంది. అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో గంటలమ్మకి పుట్టినప్పటినుంచీ తెలుసు.

పది రాళ్ళూ తీసుకెళ్ళి గబ్బుకంప ఫొటో మీద గుట్టగా పోసింది.

సర్వే అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "పదీ దీనికేనా?"

"ఇంకో పదుంటే ఇలా తే, అవీ పెడతా."

"దీన్ని దేనికి వాడతారు పెద్దమ్మా?"

"దేనికి వాడమో అడుగు."

"తలనొప్పికి?"

"తలగడ కింద పెట్టుకుంటే చాలు. ఆ కంపుకి తలనొప్పి సంగతే గుర్తుండదు."

అమ్మాయి గబగబా రాసుకుంది. "పాములూ పురుగులూ?"

"దాని దగ్గర పాము ఉండదమ్మా. మనిషీ ఉండడు."

అదీ రాసుకుంది. తర్వాత రాళ్ళు మళ్ళీ దోసిట్లో పోసి, ఈసారి బాగా తగ్గిపోతున్న చెట్టు మీద పెట్టమంది. గంటలమ్మ ఓసారి గోడ వైపు చూసి, పదీ మళ్ళీ అక్కడే పోసింది.

"తగ్గిపోతోందా? నేనొచ్చేటప్పుడు వీధి చివరిదాకా అదే ఉంది కదా!"

"ఒకప్పుడు వీధి మధ్యదాకా ఉండేది తల్లీ," అని గంటలమ్మ నిట్టూర్చింది.

*

రెండు నెలల తర్వాత సర్వే అమ్మాయి వీధి మొదట్లోనే ఆటో దిగి, అక్కణ్ణించే పరుగు లంకించుకుంది. గంటలమ్మ పెరట్లో పాలు పితుకుతోంది. అమ్మాయి అరుపుకి మేక తన్నిన తన్నుకి కుండ దొర్లింది.

"పెద్దమ్మా! మనం గెలిచాం!"

"ముందు కుండ పట్టుకో. ఏం గెలిచాం?"

అమ్మాయి పాలలో మోకాళ్ళ మీద కూర్చునే మ్యాపు విప్పింది. వీధిలో మూడు పెద్ద మందలున్న మూడిళ్ళకీ వెళ్ళిందట. ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళని అడిగిందట. గంటలమ్మ పదికి పది, పొడుగు బాబాయి పదికి పది, మీసాల తాతగారు పదికి పది. ముప్పైకి ముప్పై గబ్బుకంపకే. పనికొచ్చేదాంట్లోనూ అదే, తగ్గిపోయేదాంట్లోనూ అదే. ఇంత ఏకాభిప్రాయం తన ఉద్యోగంలో చూడలేదని ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట.

పొడుగు బాబాయంటే గోడకవతలి మరిది. మీసాల తాతంటే గంటలమ్మ వియ్యంకుడు. కూతుర్ని ఆ ఇంటికే ఇచ్చింది.

"వాళ్ళూ మర్యాదస్థులే," అంది గంటలమ్మ మెల్లగా. "ఇన్నాళ్ళూ తెలీలేదు."

"అందుకని ఆఫీసువాళ్ళు ఎండవాలు మొత్తానికి కంచె వేసేస్తున్నారు! మూడేళ్ళు మేకలు రాకూడదు. ఇరవై వేల గబ్బుకంప మొక్కలు! మీ కోసం! శుక్రవారం ఆఫీసు హాల్లో మీటింగు. అభ్యంతరాలుంటే చెప్పమంటారు కానీ అది ఊరికే లాంఛనం, సంతకాలు పెట్టేస్తే అయిపోతుంది."

గంటలమ్మ బోర్లా పడిన కుండ మీదే కూలబడింది. అది పగల్లేదు. ఆవిడ పగిలిపోయింది.

ఎండాకాలం ఐదు నెలలూ మందకి దిక్కు ఆ వాలే. మిగతా కొండంతా బోడి బండ. మూడేళ్ళు అక్కడికి పోకపోతే మొదటి ఏడాదికే సగం మంద కసాయి దారి పడుతుంది. మూడేళ్ళ తర్వాత కంచె తీసినా అక్కడ ఉండేది గబ్బుకంప. మేక పొరబాటున దానికి ఒరుసుకుంటే చాలు, పాలకి పట్టిన వాసన చూసి పిల్లి కూడా గిన్నె వదిలేస్తుంది.

"అమ్మాయ్," అంది. "గబ్బుకంప మేక తినదు."

"అంటే... మందుకేనా?"

"మందుకీ కాదు."

అమ్మాయి పుస్తకం వెనక్కి తిరగేసింది. "తలనొప్పి?"

"వస్తుంది, పోదు."

"పాములు?"

"పాముని ఎప్పుడూ అడగలేదమ్మా."

గంటలమ్మ సర్వే అమ్మాయి మొహం వంక చూసింది. ఆ పిల్లకి అది మొదటి రిపోర్టట. ఆఫీసరుగారు పెద్దల ముందు చదివి వినిపించారట. ఏడుస్తుందేమో అనుకుంది గానీ ఏడవలేదు. ముక్కు తుడుచుకుని, పుస్తకంలో కొత్త పేజీ తీసింది. "సరే. నిజంగా పనికొచ్చేది ఏది? ఎక్కడుంది?"

గంటలమ్మ అలవాటుగా నోరు తెరిచి, "గబ్..." అని, మూసేసింది. గోడ వైపు చూసింది. గొంతు తగ్గించి అంది. "రేప్పొద్దున్న రా. కెమెరా తెచ్చుకో. ఆ వాగే నోరు మాత్రం ఇంట్లో పెట్టిరా."

*

మర్నాడు బయల్దేరే ముందు గంటలమ్మ ముప్పై రెండు మేకల గంటల్లోనూ గుడ్డపీలికలు కుక్కుతుంటే సర్వే అమ్మాయికి అర్థం కాలేదు.

"గంట మోగితే ఏ మంద ఎటు పోయిందో వీధంతా వింటుంది," అంది గంటలమ్మ. "నేను సోమవారం సోమవారం ఇలాగే పోతా. పదేళ్ళనుంచీ ఎవరికీ తెలీదు."

చీకటి వంకలోకి దిగడమంటే దారి కాదు, జారుడు. గంటలమ్మ మేకల వెనకాల మెట్లు దిగినట్టు దిగిపోతోంటే, సర్వే అమ్మాయి కూర్చుని కొంచెం, దొర్లి కొంచెం దిగింది. దారిలో ప్రతి పొదనీ ఇదేంటి పెద్దమ్మా అంటూనే ఉంది. ఓ పెద్ద పోతు విసుగెత్తి ఆ పిల్ల చేతిలో పెన్ను లాక్కుని నమిలేసింది.

అడుగున, బండల సందులో, ఏడు చెట్లు.

"ఇదిగో," అంది గంటలమ్మ. కొత్త కోడల్ని చూపించే అత్తగారిలా చెంగు సర్దుకుని నిలబడింది. అమ్మాయి చూసింది. చాలాసేపు చూసింది.

"బాగున్నాయి కదా?"

"పెద్దమ్మా, ఇవి చెట్లా? కర్రలు పాతినట్టున్నాయి."

గంటలమ్మకి మండింది. కానీ పరాయి కళ్ళతో చూసేసరికి ఆవిడకీ అలాగే కనబడ్డాయి. ఏడు బోడి కర్రలు, ఒక్కోదాని తల మీద పిడికెడు ఆకు. "వానల్లేవు కదమ్మా. ఎండలకి పోతున్నాయి. నా తప్పు మాత్రం లేదు. మా అత్తగారు నేర్పిన లెక్క నేనెప్పుడూ దాటలేదు. మూడు కొమ్మలుంటే ఒకటి కొయ్యాలి, రెండు చెట్టుకి వదిలెయ్యాలి. ఒక్కటంటే ఒక్కటే."

"మరి ఆ రెండూ ఏవి?"

"చెప్తున్నా కదా, ఎండకి..."

"ఎండకి కొమ్మ ఎండుతుంది పెద్దమ్మా. తెగిపోదు." అమ్మాయి చెట్టు చుట్టూ తిరుగుతూ కొమ్మలు తెగిన మోళ్ళు తడుముతోంది. "ఇది కొడవలి కోత. కింద నుంచి పైకి, ఏటవాలుగా. ఇది మీదేనా?"

"ఆ, నాదే."

"ఇది వేరు. ఏటవాలే, కానీ అటువైపుకి. ఎడంచేతివాళ్ళు కోసినట్టుంది. ఇదిగో, దీన్ని మాత్రం గొడ్డలితో కొట్టారు. రెండు దెబ్బలు."

గంటలమ్మ చెట్టు దగ్గరికొచ్చింది. మోడు మీద బొటనవేలు పెట్టింది. ఎడంచేతి కోత. చిన్నప్పుడు కుడిచేత్తో తినమని తల్లి ఎంత తిట్టినా మారని మనిషి ఎవరో ఆవిడకి తెలుసు, రోజూ గోడకవతల దగ్గుతుంటాడు. గొడ్డలి రెండు దెబ్బలు. కూతురి పెళ్ళికి కట్టెలు వియ్యంకుడే కొట్టాడు. ఒకటి కొట్టి, మీసం దువ్వుకుని, రెండోది కొట్టేవాడు. ప్రతిసారీ.

ఆ మోళ్ళు ఆవిడ చూడక కాదు. పదేళ్ళు చూసింది. పోయినవారం నేనే కోశానేమోలే అనుకుంది. గాలికి విరిగిందేమోలే అనుకుంది. వేరేవాళ్ళు వస్తున్నారని మాత్రం అనుకోలేదు, ఎందుకంటే అనుకుంటే ఆ వంక తనది కాకుండా పోతుంది.

బండ మీద కూర్చుంది. "వాళ్ళూ మా అత్తగారి చేతి కింద నేర్చుకున్నవాళ్ళే," అంది. "లెక్క దాటరు. మరిది ఒక వంతే కోసుంటాడు. మా వియ్యంకుడు అన్నయ్యగారూ ఒక వంతే. నేనూ ఒక వంతే."

అమ్మాయి వేళ్ళు మడిచి చూసుకుంది. మూడు వేళ్ళూ అయిపోయాయి.

"ఎవరూ తప్పు చెయ్యలేదు పెద్దమ్మా," అంది, ఓదార్చాలని.

"అదేనే తల్లీ నా ఏడుపు." గంటలమ్మ కొడవలి తీసి ఎండిన మోళ్ళు మూడు, మూడు రకాల కోతలవీ, జానెడు పొడుగున కోసి చెంగున కట్టుకుంది. ఆ రోజు మేకలకి ఒక్క రెమ్మ కూడా కొయ్యలేదు. అవి వెనక్కి వెళ్ళేదారంతా ఆవిణ్ణి తిడుతూనే ఉన్నాయి.

*

ఆఫీసు హాల్లో పొడుగు బల్ల, తిరిగితే కిర్రుమనే ఫ్యాను, గోడకి కొండ మ్యాపు. ఎండవాలు మొత్తం ఆకుపచ్చ రంగు పులిమేసి ఉంది. ఆఫీసరుగారు మంచి మనిషే, మొహంలో సంతోషం దాచుకోలేకపోతున్నాడు. కిటికీ బయట మూడు లారీలు. లారీల నిండా మొక్కలు. ఆ వాసనకి కిటికీలన్నీ మూసేశారు.

వీధి వీధంతా వచ్చి గోడల వారన నిలబడింది. ముందు వరసలో గంటలమ్మ, పక్కన మరిది, ఆ పక్కన వియ్యంకుడు. సర్వే అమ్మాయి మూల కుర్చీలో గోళ్ళు కొరుక్కుంటోంది.

"అభ్యంతరాలేమన్నా ఉన్నాయా?" అన్నాడు ఆఫీసరు, లేవని ముందే రాసేసుకుంటూ.

వియ్యంకుడు మీసం దువ్వుకుని లేచాడు. "అయ్యా, గబ్బుకంప గొప్ప చెట్టండి. దాని గొప్పతనం నేను చెప్పక్కర్లేదు. అందుకే అంటున్నా, నాటక్కర్లేదు. దానంతటదే వస్తుంది. నాటితే దానికి కోపం."

"కోపమా?"

"అభిమానం గల చెట్టండి," అని మరిది కూర్చునే అందుకున్నాడు. "బావగారు చెప్పింది నిజం. పిలవని చోటే పెరుగుతుంది. మా ఇంటి వెనకాల ఎవరు నాటారండి?"

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. "మరి తగ్గిపోతోందని ఇద్దరూ పదేసి రాళ్ళు పెట్టారే?"

వియ్యంకుడు మీసం ఇంకోసారి దువ్వుకున్నాడు. ఇక దువ్వడానికి మీసం మిగల్లేదు. కూర్చున్నాడు.

గంటలమ్మ లేచింది. ఈ హాల్లో నోరు విప్పితే చీకటి వంక సంగతి వీధందరికీ తెలుస్తుంది. విప్పకపోతే వాలు పోతుంది.

"నేను అబద్ధం చెప్పానయ్యా," అంది. "గబ్బుకంప దేనికీ పనికిరాదు. ఈ పిల్లది తప్పు లేదు, మేం చెప్పిందే రాసింది. మాకు కావల్సింది పాలకొమ్మ."

హాలంతా గుసగుస. మరిది ఠక్కున లేచి జాలిగా నవ్వాడు. "వదినకి ఈమధ్య కొంచెం మతిమరుపండి. పాలకొమ్మ ఎప్పుడో అంతరించిపోయింది. పాపం, ఆ చెట్టంటే ప్రాణం."

"నిజమే చెల్లెమ్మా," అన్నాడు వియ్యంకుడు. "ఆ రోజులు పోయాయి." ఇద్దరూ కలిసి నిట్టూర్చారు.

ఆఫీసరు మొహం బిగుసుకుంది. "చూడండమ్మా. కంచె పడుతుందనగానే మాట మార్చడం నాకు కొత్త కాదు. ముప్పైకి ముప్పై వచ్చింది. అది మాట కాదు, లెక్క."

గంటలమ్మ చెంగు ముడి విప్పింది. బల్ల మీద మూడు మోళ్ళు పక్కపక్కన పెట్టింది.

"ఇది నా కొడవలి. చీకటి వంకలో ఏడు పాలకొమ్మలున్నాయి, సోమవారాలు పోతా. ఇంక దాచేదేం లేదు." రెండోది ముందుకి తోసింది. "ఈ కోత ఎడంచేతిది. మరిదీ, ఏ వారం నీది?"

మరిది తన ఎడంచెయ్యి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుంటుంటే హాలంతా చూసింది.

"ఇది గొడ్డలి. రెండు దెబ్బలు. మధ్యలో మీసం. అన్నయ్యగారూ, తమరు ఏ వారం దయచేస్తుంటారు?"

వియ్యంకుడు మ్యాపుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "శనివారం."

"శనివారమా!" మరిది కుర్చీ దబ్బున వెనక్కి పడింది. "బావగారూ! నేను బుధవారం బుధవారం పోయి, ఇన్ని కొమ్మలు ఎలా పోతున్నాయిరా దేవుడా అని ఏడుస్తుంటే, మీరా!"

"నేను ఒక వంతే కోశానయ్యా! నువ్వు దొంగ!"

"నేనూ ఒక వంతే! గంటలు మూసుకుని దొంగలా వచ్చింది మీరు!"

"నీ గంటలు మోగాయా ఏం?"

"గౌరవనీయులైన అన్నయ్యగారూ, మరిదీ," అంది గంటలమ్మ, "ఇద్దరూ కూర్చోండి. ముగ్గురం దొంగలమే. ముగ్గురం లెక్క దాటలేదు. ఏడు చెట్లనీ లెక్కప్రకారం చంపేశాం."

ఆ మాటకి ఇద్దరూ కూర్చున్నారు. మరిది ఎడంచేత్తో మొహం తుడుచుకున్నాడు. "వదినా, నిజంగా ఎండలకే అనుకున్నా."

"నేనూ అంతే."

ఆఫీసరు మోళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. సర్వే అమ్మాయి ఒక్క ఉదుటున లేచి, ఫొటోలు బల్ల మీద పరిచి, ఏడు చెట్లూ, కోతలూ, వంక లోతూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. తన రిపోర్టు తప్పని తనే పెద్దగా చెప్పి, చెప్పాక భయపడి కూర్చుంది.

"అంతా బాగానే ఉంది," అన్నాడు ఆఫీసరు. గొంతులో జీవం లేదు. "వాలుకి కంచె ఆపేస్తాను. మరి ఆ ఇరవై వేల మొక్కలు? పైవాళ్ళకి ఏం రాయను? నా తలగడ కింద పెట్టుకోనా?"

సర్వే అమ్మాయి తల దించుకుంది. గంటలమ్మ కిటికీ అద్దంలోంచి లారీల వంక చూసింది. లారీల పక్కనుంచి ఎవరిదో మేక ఒకటి పోతోంది. ముక్కు అటు తిప్పుకుని, చుట్టూ దూరంగా తిరిగి, అవతలి గోడ దాకా వెళ్ళి మరీ పోయింది. ఆవిడ ఆ మేకనే చూస్తూ ఉండిపోయింది.

"అయ్యా," అంది, "చీకటి వంక చుట్టూ నాటండి."

"దేనికి?"

"మీ ఇనపకంచె మేకకి ఒక పూట పని. కింద దూరుతుంది, పైన దూకుతుంది. గబ్బుకంప మాత్రం దాటదు. మొక్కలూ వృథా పోవు, పాలకొమ్మలూ బతుకుతాయి."

ఆఫీసరు కలం తీశాడు. మొహంలోకి మళ్ళీ రంగొచ్చింది. "సజీవ కంచె," అని తనలో తనే అనుకుని, అదేదో తనకే తట్టినట్టు పెద్దక్షరాలతో రాసుకున్నాడు. రాసి, తలెత్తాడు. "కానీ కంచె మేకలకే. మనుషుల సంగతేంటి? మూడేళ్ళు ఎవరూ ఒక్క కొమ్మ ముట్టుకోకూడదు. ముగ్గురూ సంతకం పెట్టాలి. అలా అయితేనే."

మూడేళ్ళంటే మూడు ఎండాకాలాలు. వాలు ఉంటుంది, మంద బతుకుతుంది. కానీ ఎండల్లో పాలు ఉండవు. వీధిలో సగానికి సగం మేకలు ఒట్టిపోయిన నెలల్లో తన మేకలు కుండ నింపుతుంటే, "నా చేతి చలవ" అని చెప్పుకున్న పదేళ్ళ గొప్ప ఇవాళ్టితో సరి. వియ్యంకుడు నేల చూపులు చూస్తున్నాడు. మరిది వదిన వంక చూస్తున్నాడు.

"ముందు మీరు పెట్టండి అన్నయ్యగారూ," అంది గంటలమ్మ.

"అబ్బే, మాట మొదలెట్టినదానివి, ముందు నువ్వు చెల్లెమ్మా."

"మా ఇంటి పిల్లని ఇచ్చినవాళ్ళం, మగపెళ్ళివారు ముందు."

"ఆడవాళ్ళకి గౌరవం ఇవ్వాలి కదా..."

ఇలాగే పొద్దుగూకేలా ఉందని గంటలమ్మ కాగితం లాక్కుని వేలిముద్ర పెట్టబోయి, ఇంకుపెట్టె లేదని చూసి, కలం అందుకుని వచ్చిన నాలుగక్షరాలూ గీసేసింది. ఆ వెనకాలే మిగతా ఇద్దరూ. ఆ వెనకాల, ఎవరూ అడక్కుండానే, గోడవారన నిలబడ్డవాళ్ళలో ఒక్కొక్కళ్ళే వచ్చి పెట్టడం మొదలెట్టారు. తలలు దించుకుని, ఏ వారమో ఎవరికీ చెప్పకుండా.

*

వానలు పడ్డ వారానికి నాటడం మొదలైంది. చీకటి వంక చుట్టూ వీధి జనమంతా గుంటలు తవ్వుతూ, ముక్కులకి గుడ్డలు కట్టుకుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు విసుక్కుంటూ ఉన్నారు. మూడు రోజులు ఆ వీధిలో ఎవరి దగ్గరా ఎవరూ కూర్చోలేదు. గంటలమ్మ మేకలు ఆవిణ్ణి చూసి గోడెక్కాయి. వియ్యంకుడి మీసానికి పట్టిన వాసన వారమైనా వదలక, గంటలమ్మ కూతురు మావగారికి పెరట్లోనే అన్నం పెట్టింది.

నాలుగో రోజు గంటలమ్మ వంకలోకి దిగింది. నాటే పని చూడ్డానికని చెప్పింది. వెనకాలే మరిది దిగాడు. ఆయన వెనకాల వియ్యంకుడు. ఆ వెనకాల, కూర్చుని కొంచెం, దొర్లి కొంచెం, సర్వే అమ్మాయి.

ఏడు కర్రల్లో మూడోదాని మొదట్లో, బొటనవేలంత ఎత్తున, లేత చిగురు తోసుకొచ్చింది. అంతే. ఇంకేం లేదు. నలుగురూ ఒంగి చూశారు.

"నిలబడుతుందంటారా?" అంది అమ్మాయి.

గంటలమ్మ చెయ్యి తనకి తెలియకుండానే నడుము దగ్గరికి పోయి కొడవలి పిడి పట్టుకుంది. పట్టుకున్న సంగతి చూసుకుని ఆవిడే ఉలిక్కిపడింది. కొడవలి తీసి మరిది చేతిలో పెట్టింది.

"నువ్వు పట్టుకో. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు."

"నా చెయ్యి మీద నాకుందా వదినా?" మరిది దాన్ని ఎడంచేతిలోంచి కుడిచేతిలోకి, కుడిచేతిలోంచి ఎడంచేతిలోకి మార్చుకుని, చివరికి వియ్యంకుడి వైపు చాపాడు. "బావగారూ, మీరు."

వియ్యంకుడు దాన్ని తీసుకున్నాడు. చిగురు వంక చూశాడు. రెండో చెయ్యి మీసం మీదికి పోతుంటే ముగ్గురూ "అన్నయ్యగారూ!" "బావగారూ!" "తాతగారూ!" అని అరిచారు.

"అబ్బ, ఊరికే దువ్వుకుంటున్నానయ్యా," అని కొడవలి తెచ్చి సర్వే అమ్మాయి చేతిలో పెట్టేశాడు.

ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో, మొన కిందికీ పిడి పైకీ, మడిచిన గొడుగు పట్టుకున్నట్టు పట్టుకుంది. మేకలవాళ్ళు ముగ్గురూ ఆ పట్టు చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.